జర్మనీ పుస్తకంలో కే.వి.కుప్పం

తలుపు మూయొద్దప్పా పళనీ! గుడియాత్తం నుంచి మీ కే.వి.కుప్పం దాకా ఎండలో నడిచొచ్చినా. చెప్పులో మేకు లేచి కాలంతా పొడిచింది. కోపం నాకూ ఉండాది, యాడ చూపించేది?

సరే, మాట్లాడొద్దు. నీ గంజికుంచె నువ్వు కట్టుకుంటానే విను. ఈ వరదప్ప నోరు సుమ్మా ఉండదని నీకు తెలుసు గదా.

నువ్వు పోయినాక మా మగ్గాల కొట్టంలో ఒక్క పడుగూ నిలబడలే. నీ చేత్తో గంజి పట్టకపోతే పోగులు పుటుక్కు పుటుక్కుమంటా ఉండాయి. కూలి ఇచ్చే ఏకాంబరం మొదలాళి వచ్చి, "పళనిని ఎవుర్రా తరిమింది?" అంటే, పదకొండు మందీ మగ్గాల్లోకి తలలు దూర్చినారు. అందరికంటే లోతుగా దూర్చింది నేనే.

నేను నేతకు పనికిరానోణ్ణి. నా గుడ్డ ఎత్తి పట్టుకుంటే అవతలి వీధి కనబడతాది. అందుకే గదా నన్ను చదివేవాణ్ణి చేసినారు! నేను నడుమ కూర్చోని అరవ పేపరు తెలుగులో చెప్పాల, మీరు నేస్తా వినాల, నా బదులు తలా ఒక జాన నేసి ఇయ్యాల. ఇట్లాంటి ఉద్యోగం ఏ కలెక్టరుకు ఉండాదప్పా?

అది చాలక వేలూరు బజారులో ఆ పుస్తకం కొన్నా. గట్టి అట్ట, దానిమీద ముక్కు కింద పొట్టి మీసమున్నోడి బొమ్మ. జర్మనీని ఏలేవాడు సొంతంగా రాసుకున్నాడంట. ఇంగ్లీషు. నాకు ఇంగ్లీషు వస్తాదా? రైలు టిక్కెట్టు మీద ఊరి పేరు కూడా పక్కోడు చెప్పాల.

అయినా కొట్టంలో తెరిచినా. అంతటివాడి పుస్తకం చంకలో పెట్టుకోని ఊరుకునేదెట్లా! తెరవంగానే అందరూ మగ్గాలు ఆపినారు. ఆపినారప్పా! పేపరుకు ఎప్పుడన్నా ఆపినారా?

ఇంక పేజీ చూసి చదివినట్టే తోచింది చెప్పినా. "నూలు రేటు ఎందుకు పెరిగింది? బయటినుంచి వచ్చినోళ్ళ వల్ల" అన్నా. ఊ కొట్టినారు. "మన పని ఎవురు లాక్కున్నారు? బయటోళ్ళు" అన్నా. అంకప్ప తొడ కొట్టినాడు. "మీ పక్కనే కూర్చోనుండారు, చూడండి" అన్నా. చూసినారు. మా కొట్టంలో బయటి ఊరోడివి నువ్వొక్కడివే గదా.

జర్మనీవాడికి కే.వి.కుప్పం యాడ తెలుసని ఒక్కడన్నా అడిగినాడా? అచ్చులో ఉండాది, అంతే.

మర్నాడు నువ్వు వీధిలో పడుగు సాగదీస్తే పట్టుకునేదానికి ఒక్క చెయ్యి రాలే. శత్రువు పడుగుకు కూడా చెయ్యి వేసే వీధి అది! ఆ కొసన నీ పెండ్లాం వళ్ళి ఒక్కతే నిలబడింది. నేను చూసినా. చూసి, కళ్ళజోడు తుడుచుకున్నా.

పోయిన వారం ఆ పుస్తకాన్ని వేలూరు తీసకపోయి బాలసుబ్రమణ్యం అయ్యవారికి ఇచ్చినా. ఆయన ఇస్కూల్లో ఇంగ్లీషు చెప్తాడు. "ఇది చదివితే లాభమేమన్నా ఉండాదా సామీ?" అన్నా. నాలుగు దినాలు చదివి, "నిద్రొస్తాది వరదప్పా. పేజీలు పేజీలు ఏడుపు. ఏ కష్టానికైనా పక్కోడే కారణమంటాడు. అయినా చదవాల. ఏం చేయబోతాడో ముందే రాసిపెట్టుకున్నాడు" అన్నాడు.

నూలు సంగతి ఉండాదా అని అడిగినా. లేదంట. నేతగాళ్ళు? లేరంట. తక్కినదంతా ఉండాది! ఒక్క అక్షరం చదవకుండా వాడికంటే బాగా చెప్పినానప్పా. నేను చెప్తాంటే ఒక్కడన్నా కునుకు తీసినాడా?

నవ్వొస్తే నవ్వు. అట్లా చూడొద్దు.

నీమీదికే ఎందుకు తిప్పినానంటావా? పుస్తకం తెరిచినదానికి ముందురోజు మొదలాళి నీ గుడ్డ, నా గుడ్డ పక్కపక్కన పరిచి అందరికీ చూపించినాడు. కారణం అంతే. జర్మనీ దాకా పోవాల్సిన పని లేదు.

మళ్ళీ కొట్టానికి రావా? పోనీలే, నీళ్ళన్నా ఇచ్చినావు. ముందు నేను పోయి అందరి ఎదురుగా నిజం చెప్పాలంటావు. చెప్తే కొడతారు. కొట్టనీ. చెప్పకపోతేనే భయం. నిన్న సాయంత్రం అంకప్ప వచ్చి, "తర్వాత ఎవురి గురించి రాసినాడు వరదప్పా?" అన్నాడు.

భయమని ఊరికే అన్నా. నీకాడ అబద్ధమెందుకు? పుస్తకం అయ్యవారికాడే ఉండాది, నా చేతిలో ఏమీ లేదు. అయినా, "కూర్చో, చెప్తా" అన్నా.