ఏనుగులు ఊ కొట్టిన కథ

"ఈ ఏడు జాతరకు నా కథ వద్దంట. హోసూరు నుంచి సినిమాలు ఆడించే వీడియో డెక్కు తెస్తారంట. తెచ్చుకోండప్పా, నాకేం! ముప్పై ఏండ్లుగా తంబూర భుజానేసుకొని ఈ కెలమంగలం జాతరలో కథ చెప్పిన గుర్రప్పను నేను. ఒక పెట్టెకు దడుచుకుంటానా? ఏం అంజనప్పా, జాతర పెద్దవు నువ్వే గదా, డెక్కు మాట్లాడేదానికి నువ్వే పోతాండావు గదా?"

"అవునప్పా. ఈ బస్సుకు పోయి చెప్పకపోతే డెక్కు ఊత్తంగరై జాతర వాళ్ళు పట్టుకుపోతారంట."

"పో. బస్సొచ్చేదాకా ఒక మాట విను. ఊ కొట్టాల మరి. ఊ కొట్టేవాళ్ళు లేకపోతే నోరు తెరవద్దని మా నాయన పెట్టిన కట్టు."

"ఊ" అన్నాడు అంజనప్ప, బస్సు ఆగే చోట అంగడి పెట్టుకున్న చెన్నమ్మ ఇచ్చిన టీ ఊదుకుంటా.

"పోయిన ఏడు డెంకణికోట పక్క మా బావమరిది ఊరికి పోయినాను. పొద్దు వాలతా ఉంది. రాగిచేను గట్టు మీద కూర్చొని, ఎండిన ఏటికి నీళ్ళు తెచ్చిన కోడలి కథ ఊరికే నాలో నేను చెప్పుకుంటా ఉండాను. వెనక నుంచి ఎవురో ఊ అన్నారు. తిరిగి చూస్తే ఏనుగు!"

"ఊ!"

"నేను కదల్లేదు. కావాలనే కథ ఆపినాను. ఆ తర్వాత ఏం చేసిందో తెలుసా? తొండంతో నా భుజం తట్టింది, చెప్పప్పా అన్నట్ల. చెప్తా ఉంటే ఇంకోటొచ్చి కూర్చునింది. అట్ల పదకొండు! మన జాతరలో మాదిరే ఆడవి ఒక పక్క, మొగవి ఒక పక్క. గున్న ఒకటి గలాటా చేస్తే వాళ్ళమ్మ చెవి పట్టి కూర్చోబెట్టింది."

"రాగులు తినలేదా?"

"కథ వింటా ఎవురన్నా తింటారాప్పా! కోడలు కడవ నెత్తిన పెట్టుకొని ఏట్లోకి దిగే ఘట్టం వచ్చింది. అంతే, పదకొండూ భోరుమని ఏడ్చినాయి. చేన్లో మోకాలి లోతు నీళ్ళు. మా బావమరిది రాగులు కోసేసి ఆ నీళ్ళకే వరి నాటినాడు! పొద్దున్నే ఆ ఏనుగులు కర్ణాటక అడవికి పోయి ఆ పక్క ఏనుగులకు ఇదే కథ కన్నడంలో చెప్పినాయంట. రెండు తప్పులు చెప్పినాయని తెలిసి నేనే పోయి దిద్దొచ్చినాను."

"ఊ!"

"మీ పెట్టె ఊ కొట్టమంటుందా? మీరు ఏడ్చినా, లేచి పోయినా దాని పాటికది ఆడతానే ఉంటుంది. నేను మీ ముఖాలు చూసి చెప్తాను. మీయమ్మ కాలం చేసిన ఏడు నువ్వు ముందు వరసలో కూర్చొని ఏడస్తా ఉంటివి. ఏట్లో కొట్టుకుపోవాల్సిన కోడల్ని ఆ పొద్దు నీ కోసరమే గట్టుకు చేర్చినాను అంజనప్పా. నేను మీకు వద్దనుకుంటే పిలవడం మానుకోండి. పిలవకపోయినా వస్తా, జాతర మధ్యలో నిలబడి చెప్తా!"

అంజనప్ప తాగని టీ గ్లాసు బెంచీ మీద పెట్టినాడు. చెన్నమ్మ గ్లాసులు కడగతా నోరు తెరిచింది.

"మీ బావమరిది ఊరే గదప్పా నా పుట్టినూరు. ఏనుగులొచ్చిన పొద్దు నేనూ ఆడే ఉండాను. డబ్బాలు కొట్టి తరిమింది మా ఆడోళ్ళు. నువ్వు మా వదినా వాళ్ళ అటక మీద ఉంటివి. దిగేదానికి నిచ్చెన వేసింది నేనే."

అంగడంతా గొల్లుమనింది. గుర్రప్ప గడ్డం పైకెత్తినాడు.

"అటక మీద నుంచే చెప్పినాను. నా గొంతు దూరం పోతుంది."

కండ్లు తుడుచుకుంటా నవ్విన అంజనప్ప, ఉన్నట్టుండి లేచి రోడ్డు పక్క చూసినాడు.

"బస్సు యాడ?"

"రెండో ఏనుగు కూర్చున్నప్పుడే పోయింది" అనింది చెన్నమ్మ. "కండక్టరు మూడు తూర్లు విజిల్ వేసినాడు. నువ్వు ఊ కొడతానే ఉంటివి."

అంజనప్ప మళ్ళీ బెంచీ మీద కూలబడినాడు.

"సరే గాని గుర్రప్పా, ఈ ఏడు ఆ కోడలు బతుకుతుందా?"

"ముందు వరసలో ఎవురు కూర్చుంటారో చూడకుండా ఎట్ల చెప్పేదప్పా" అన్నాడు గుర్రప్ప.