తాగలేదని రాస్తే సాలు

కూసో గిరీ, కూసో. ఆ మోటారుసైకిలు గోడ వారకి నెట్టేసి రా. రోడ్డు ఇప్పుడిప్పుడే తెరవరు. నేను ఇందాకే పోయి సూసి వస్తి గదా, గాంధీ బొమ్మ కాడ అడ్డంగా తాడు కట్టేసినారు, టైర్లు తెచ్చి పోసినారు. మైకు పెట్టుకోని పెట్రోలు లీటరు ఇంత, లీటరు అంత అని అరస్తా ఉండారు. ఏమి? తిరుపతికి పోవాల్నా? ఎట్ల పోతావబ్బా, పూతలపట్టు కాడ కూడా లారీలన్నీ నిలబెట్టేసినారంట. మీ నాయనకి ఫోన్ చేసి సెప్పు, ఏకాంబరం మామ అంగట్లో ఉండానని. అదో, అంటించినారు. పొగ సూడు. ఆ వాసన వస్తే సాలు, నాకు ఒగ మనిషి గుర్తొస్తాడు.

తిరుమలయ్య అని ఉండె. ఐరాల పక్క. నువ్వు సూసుండవు, ఆయప్ప పోయేటప్పటికి నువ్వు చెడ్డీలేసుకోని బడికి పోతా ఉంటివి. పొడుగు మనిషి, కొంచిం వంగి నడిసేవాడు, తలకి ఎప్పుడూ తువ్వాల. ఆయప్పకి ఒగ జత ఎద్దులు. పేర్లేందో తెలుసునా? పెద్దోడు, సిన్నోడు. బిడ్డల్లేరు ఆ ఆలుమొగుళ్లకి, ఎద్దులకే ఆ పేర్లు పెట్టుకున్నారు. ఆయన పెండ్లాం నాగులమ్మ, కొడుకుల్ని అన్నానికి పిలిచినట్టే పిలిచేది, 'పెద్దోడా, రా నాయనా, కుడితి తాగుదువు' అని. ఊర్లో అందురూ ట్రాక్టర్లకి మారిపోయినారు. ఈయన మాత్రం గానిగకి సెరుకు తోలాలన్నా, బెల్లం టవునుకి ఏసుకోని రావాలన్నా ఆ బండే. ఎగతాళి సేసేవాండ్లు, 'ఏం తిరుమలయ్యా, నీ బండి టవును సేరేది రేపా, ఎల్లుండా?' అని. ఆయన నవ్వేసి, 'ఎప్పుడో ఒగప్పుడు సేరతాది, డీజిలైతే అడగదు గదప్పా' అనేవాడు. మండీలో బెల్లం దించేసి నా అంగట్లోకి వస్తాడు. అప్పుడు నా అంగడి ఈడ కోర్టు ముందర కాదు, గాంధీ బొమ్మకి ఇవతల, ఇప్పుడు సెల్‌ఫోన్ల షాపు ఉండాదే, ఆడ. ఒగ టీ, ఒగ బన్ను. బన్ను ఆయన తినడు, పెద్దోడికి సగం, సిన్నోడికి సగం. బీడీ లేదు, సారాయి లేదు. వాళ్ల నాయన తాగి తాగి కాలవలో పడి పోయినాడంట, ఈయన సిన్నప్పుడే. ఆ శవాన్ని మోసుకోని వచ్చింది ఈయనే. అప్పుట్నుంచి సారాయి అంగడి ఉండే వీధిలో కూడా నడిసేవాడు కాదు, సుట్టు తిరిగి పోయేవాడు. ఒట్టు.

ఒగ ఏడు పెట్రోలు, డీజిలు రేట్లు మీద మీదనే పెంచినారు. బస్సు చార్జీలు పెరిగె, ట్రాక్టరు బాడుగ పెరిగె, జనం బాగా కడుపు మండి ఉండారు. దేవరాజులు అని, టవున్లో అపోజిషన్ పార్టీ లీడరు. ఆయనకి ఆలోచన వచ్చింది, బంద్ రోజు ఎద్దులబండి ఎక్కి కలెక్టరాఫీసుకి పోతే పేపర్లో బాగా పడతాదని. బండి యాడుండాది? ఎతికి ఎతికి ఐరాలకి పోయినాడు. ఎద్దులబండి కోసరం కారేసుకోని పోయినాడబ్బా! 'పెద్దాయనా, రైతు గోడు గవర్నమెంటుకి తెలవాల, నీ ఎద్దులే మాకు జెండా' అన్నాడంట. తిరుమలయ్య పొంగిపోయినాడు. డబ్బుకి కాదు, ఊరంతా ఎగతాళి పట్టించిన ఎద్దులకి పూలమాల ఏస్తామన్నారు గదా, దానికి. నాగులమ్మ మొత్తుకునింది, 'వద్దయ్యా, జనంలోకి తోలకపోవద్దు, బెదరతాయి' అని. ఇన్లేదు. కొమ్ములకి రంగు పూసి, మెడకి గంటలు కట్టి తెచ్చినాడు. నా అంగడి ముందర నిలబెట్టి, 'ఎట్లుండాయి ఏకాంబరం?' అన్నాడు. పెండ్లికొడుకుల మాదిరి ఉండాయన్నా అంటి. ఆ పొద్దు ఆయన మొగంలో ఉన్న సంతోషం... సరే.

నేను అంగడి సగం తలుపు మూసి బయట నిలబడి సూస్తానే ఉండా. బండి మీద దేవరాజులు, ఆయన మనుషులు, ఎక్కినోళ్లు ఎక్కతానే ఉండారు. కాడి పైకి లేస్తా ఉండాది. తిరుమలయ్య, 'అప్పా, కొందరు దిగండి, ఎనక బరువైపోయింది' అంటాడు, ఇనేదెవురు? ముందర టైర్లు మండతా ఉండాయి. ఎద్దులు నిలబడిపోయినాయి. ఈయన దిగి, రెండిటి ముక్కుతాళ్లు పట్టుకోని, 'దేవరాజులన్నా, ఇంగ ముందుకి వద్దు, పొగకి ఓర్సవు, ఆర్పమనండి' అని దండం పెట్టినాడు. నా కండ్లతో సూసినా నేను. దేవరాజులు, 'రెండు నిమిషాలు పెద్దాయనా, టీవీ వాళ్లు వస్తా ఉండారు' అనె. అంతలో ఎవుడో వాళ్లోడే, టపాసుల సరం అంటించి ఏసినాడబ్బా, సరిగ్గా పెద్దోడి కాళ్ల కింద. ఇంగేముంది. ఎద్దులు ఎగిరినాయి. పైనోళ్లు దూకేసినారు, ఒగడూ నిలవలేదు. తిరుమలయ్య ముక్కుతాడు విడవలేదు, ఈడ్సుకోని పోయినాయి ఆయన్ని, మోకాళ్లు సీరుకు పోయినా విడవలేదు. బండి పక్కకి తిరిగింది. ఆ పక్కన ఒగ ఆడపిల్ల నడిసి పోతా ఉండాది. స్టెల్లా అని, ఒగ సిన్న ఆస్పత్రిలో నర్సు పని నేర్సుకుంటా ఉండె. రాత్రి డ్యూటీ దిగి, బస్సుల్లేవని నడిసి ఇంటికి పోతా ఉండాది. టపాసులకి తిరిగి సూసేలోపల సక్రం కాలి మీద పోయింది.

ఆటో లేదు, కారు లేదు, ఏ బండీ కదలనీరు గదా. తిరుమలయ్య ఎట్లనో ఎద్దుల్ని నిలేసినాడు. మొగమంతా దుమ్ము, నెత్తురు. 'ఏకాంబరం, ఎత్తు, బండిలో ఎత్తు' అన్నాడు. అవే ఎద్దులు, అదే బండి. నేను ఎక్కి ఆ పాప కాలు నా తువ్వాలతో బిగించి పట్టుకోనుండా. ఈయన ముందర కూసోని, ఎనక్కి తిరక్కుండానే, పెద్దాస్పత్రి దాంకా మాట్లాడతానే ఉండాడు. 'పాపా, కండ్లు మూయొద్దు తల్లీ. ఈడు పెద్దోడు, ఈడు సిన్నోడు. మంచోళ్లు పాపా, బెదిరినారు అంతే. నీ పేరేంది? సెప్పు, నాకు ఇనపడాల' అని. ఆ పాప సన్నగా, 'స్టెల్లా' అంటాది. మల్లా అడగతాడు. మల్లా సెప్తాది. ముందర సర్కిల్లో ఇంగో గుంపు. బండికి జెండా కట్టేసిండేది గదా, అది సూసి 'జిందాబాద్' అని ఈలలు. 'ఆపు పెద్దాయనా, ఫొటో!' అని అడ్డం వచ్చేసినారు. తిరుమలయ్య దండం పెడతా ఉండాడు, 'వదలండి నాయనా, వదలండి' అని. వాండ్లు అది కూడా ఫొటో తీసినారు. ఒగ పిల్లోడు సక్రం మీద కాలేసి లోపలికి సూసినాడు. సూసి, గమ్మున దిగిపోయి, వాంతి సేసుకున్నాడు. అప్పుడిచ్చినారు దారి. మర్నాడు పేపర్లో ఆ ఫొటోనే పడింది, ఈయన దండం పెడతా ఉండేది. పెట్రోలు వద్దు, ఎద్దులే ముద్దు అని దాని కింద.

ఆ పాపకి ఎడమ కాలు మోకాలి పైకి తీసేసినారు. సాయంత్రానికి పోలీసోళ్లు ఆస్పత్రికే వచ్చి ఈయన్ని తీసకపోయినారు. బండి స్టేషన్లో పెట్టేసినారు, ఎద్దుల్ని నాగులమ్మ వచ్చి తోలకపోయింది. టపాసులు ఎవుడేసినాడో ఎవురికీ తెలీదు. దేవరాజులు మనుషులు సాక్ష్యం సెప్పినారు, బండోడు తాగి ఉన్నాడని. తాగి! తిరుమలయ్య ఎస్సై ముందర నోరు తెరిసి పెట్టినాడంట, 'వాసన సూడండి సార్, సూడండి' అని. ఎవురూ సూడలేదు. కాయితంలో తాగినాడనే ఎక్కింది.

బెయిలు మీద ఇడిసినాక కోర్టుకి తిరిగినాడు సూడు, ఏండ్లు. నేను కూడా ఆ నడుమ అంగడి ఈడికి మార్సుకుంటి. వాయిదా వస్తే పొద్దున్నే ఐరాల బస్సు దిగి, ఈ బల్ల మీద కూసునేవాడు. జడ్జి లీవు. సాక్షి రాలేదు. లాయర్ల సమ్మె. మల్లా వాయిదా. గవర్నమెంటు మారింది, దేవరాజులు పెద్ద పదవిలోకి పోయినాడు. వాండ్ల మీద బంద్ కేసులన్నీ ఎత్తేసినారు. ఈయన కేసు ఎత్తలేదు. పోయి అడిగితే, 'నీది వేరే సెక్షను పెద్దాయనా, అది ధర్నా కేసు కాదు, యాక్సిడెంటు కేసు' అన్నాడంట దేవరాజులు. కాఫీ ఇచ్చి పంపించినాడు. లాయరేమో, 'తప్పు ఒప్పేసుకో తాతా, జుర్మానా కట్టేసి పోదువు' అంటాడు. ఈయన తల అడ్డంగా ఆడిస్తాడు. 'జైలుకి పంపినా సరే ఏకాంబరం, తాగినానని ఎట్ల ఒప్పుకునేది? మా నాయనకీ నాకూ తేడా లేకుండా పోతాది గదా. తాగలేదని రాస్తే సాలు నాకు' అనేవాడు. నేను బోనెక్కి సెప్పినా, ఈయన తాగలేదు, టపాసులేసినారు అని. 'నీకు స్నేహితుడే గదా, నీ అంగట్లోనే గదా టీ తాగేది' అని అవతల లాయరు అడిగె. అవును సార్ అంటి. అంతే, నా మాట కొట్టేసినారు.

ఇంగ మిగిలింది స్టెల్లా. వాయిదాకి వచ్చినప్పుడల్లా ఆ పాప ఇంటికి పోయేవాడు, బెల్లం అచ్చు ఒగటి పట్టుకోని. వాళ్లమ్మ రూతు వాకిట్లోనే నిలబెట్టి తిట్టేది, 'నా బిడ్డ కాలు తెచ్చినావా? బెల్లం ఎవురికి కావాల?' అని బెల్లం వీధిలోకి ఇసిరేసేది. నేను సూసినా ఒగసారి. ఈయన ఎనక్కి తిరిగి వస్తాడు. మల్లా వాయిదాకి మల్లా పోతాడు. పోవద్దన్నా, ఎందుకు తిట్టించుకుంటావు అంటే, 'తిట్టనీలేప్పా, ఆయమ్మకి ఇంగెవురున్నారు తిట్టేదానికి? ఏసినోడు కనపడడు, ఎక్కినోళ్లు కనపడరు' అన్నాడు. అట్ల పోతా పోతా ఉంటే, ఒగ పొద్దు లోపల్నుంచి ఆ పాపే అనిందంట, 'అమ్మా, ఆ తాతని లోపలికి రానీ. దారంతా నన్ను నిద్రపోనీకుండా పిలిచింది ఆయనే' అని. లోపలికి పోయినాడు. కూసున్నాడు. ఆ పాప కర్ర పట్టుకోని నడిసి వచ్చి నీళ్లిచ్చిందంట. అది సెప్తా నా ముందర ఏడ్సినాడు గిరీ, ఈ బల్ల మీదనే. మనిషి ఏడ్సేది అదొగ్గసారే సూసినా. 'నేను కోర్టులో సెప్తా తాతా, నువ్వు తాగలేదని' అనిందంట. ఆయన తాగి ఉంటే అంత దగ్గర వాసన రాదా, ఆ పాపకి తెలీదా?

స్టెల్లా సాక్ష్యానికి రోజు పడింది. ఎప్పుడు? మల్లా బంద్ రోజే. మల్లా పెట్రోలే. ఈసారి ఇంగో పార్టీ. జెండాలు మారినాయి, టైర్లు మారలేదు. బస్సుల్లేవు. రాకపోయినా ఏమీ కాదు, బంద్ రోజు వాయిదా ఏస్తారు అని ఎవురైనా ఆయప్పకి సెప్పుంటే... ఎవురూ సెప్పలేదు. ఫోను లేదు ఆయనకి. వారంటు వస్తాదని భయం, ఆ పాప కోసరం తొందర. తెల్లారక ముందే లేసి, సద్దన్నం తిని, నడిసి బయల్దేరినాడు. ఐరాల నుంచి సిత్తూరికి, ఆ వయసులో. నాగులమ్మ, 'ఎండయ్యా, వద్దయ్యా' అంటే, 'ఈ పొద్దు పోకపోతే ఇంగ బతికీ దండగే' అన్నాడంట.

స్టెల్లా ఈడికి పొద్దున్నే వచ్చేసింది, ఎవురో పిల్లోడు సైకిలెనక కూసోబెట్టుకోని తెచ్చి దించినాడు. ఉతికిన సీర కట్టుకోని, తల దువ్వుకోని. లోపల కోర్టు నడవలేదు, వాయిదా ఏసి తలుపులేసినారు. పో పాపా అంటే, 'తాత వస్తాడన్నా, సూసి పోతా' అని కూసునింది. ఎండ నడినెత్తికొచ్చింది. రాలేదు. కాణిపాకం దాటినాక రోడ్డు పక్కన పడిపోయినాడంట. ఆడ అడ్డం కూసున్న పిల్లోళ్లే సూసి, నీళ్లు సల్లి, అంబులెన్సుకి ఫోన్ సేసినారంట. పాపం, వాండ్లే టైర్లు పక్కకి లాగినారంట దారిచ్చేదానికి. అది యాడ వస్తాది, ఎనకాల ఎన్ని సోట్ల ఆపేసినారో. వచ్చేటప్పటికి అయిపోయింది.

నాకు ఫోనొచ్చె. స్టెల్లాకి సెప్పినా. ఏడవలేదు ఆ పాప. 'నన్ను ఐరాలకి తీసకపో అన్నా' అనింది. సాయంత్రం బంద్ ఇడిసినాక ఫస్టు బస్సెక్కినాం. బస్సులో అడిగింది, 'రేపు నేను పోయి సెప్తే రాసుకుంటారా?' అని. మనిషి పోతే కేసు మూసేస్తారు పాపా, ఇంగ రాసేదేం ఉండదు అంటి. కిటికీ దిక్కు తిరిగి కూసునింది.

వాకిట్లో పండబెట్టుండారు ఆయన్ని. కాళ్లకి సెప్పుల్లేవు, యాడ పోయినాయో. నాగులమ్మ తల కాడ కూసోనుండాది. ఆ పాపని అంతకు ముందు సూసింది లేదు, కర్ర సూసి తెలుసుకునింది. లేసి, జరిగి, సాప మీద జాగా ఇచ్చింది. 'ఎట్ల వస్తివి తల్లీ ఇంత దూరం' అనింది. అని, పక్కన కూసోబెట్టుకోని, 'కోర్టు అయిందా పాపా? ఆయన పోకముందే సెప్తివా?' అని అడిగింది. నేను నోరు తెరిసినా, లేదు నాగులమ్మా, కోర్టే నడవలేదని సెప్పేదానికి. స్టెల్లా నా సెయ్యి పట్టేసింది. గోర్లు దిగినాయి నాకు. 'సెప్పినానవ్వా. జడ్జిగారు అంతా ఇన్నారు. తాత తాగలేదని రాసేసినారు' అనింది.

నాగులమ్మ తల ఊపింది. కొంగుతో ఆయన మొగం మీద దుమ్ము తుడిసి, వంగి, నిద్ర లేపతా ఉండేదాని మాదిరి సెవి కాడ నోరు పెట్టి, 'ఇన్నావా? రాసినారంట' అనింది.

సాల్లే గిరీ. ఇంగేమీ అడగద్దు.