నాయిన నడక

సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. బస్సులు లేక ఎల్బీనగర్ దవాఖాన నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా నడిచి వచ్చిన అరుణశ్రీ, సగం దించిన షట్టర్ కింద నుంచి వంగి అన్న శ్రవణ్‌కుమార్ చీరల దుకాణంలోకి వచ్చింది. వచ్చినప్పటి నుంచి ఆమె అడుగుతున్నది ఒకటే.

"జర్రంత రక్తమన్నా. గంతే."

"ముందు కూసో. మూడో నెలల గింత ఎండల నడుస్తరా ఎవలన్న?"

"కూసుంట గని, ఇస్తవా ఇయ్యవా?"

"నీళ్లు తాగు."

"తాగిన. ఇస్తవా?"

"పరీక్ష నీకా, నాకా? నా రక్తం దేనికే?"

"పరీక్ష నాకే. గని నాయినకున్నది ఏ రకమో ఎవ్వలకు తెల్వదు గద. గీ నడక తప్పే బీమారిల శానా రకాలున్నయట. ఇంట్ల ఒకలది తెలిస్తె, నాకు గదొక్కటే చూస్తరు. జల్ది తేలుతది. తెల్వకుంటె అన్ని ఎతుక్కుంట కూసోవాలె. అప్పటికి నాకు నెలలు నిండుతయి."

"నాయినకు బీమారేంది? ఊరంత తాగి పోయిండన్నరు."

"ఊరంత అన్నరు. నువ్వు అంటున్నవా?"

"నేనంటలేను. అన్నరంటున్న."

"చుక్క ముట్టని మనిషన్నా. మగ్గం కాడ కాళ్లు ఆడకపోయేది. లేస్తె తూలేది. మాట ముద్దగొచ్చేది. పోచంపల్లిల చిన్నపిల్లలు గూడ తాగుబోతు బిక్షపతి అన్నరు. అమ్మ గూడ—"

"అమ్మను తియ్యకు నడిమిట్ల."

"తియ్య. ఇస్తవా?"

"బయట జులూస్ పోతుంది. జర మెల్లగ మాట్లాడు."

"ఆళ్ల నినాదాల నా మాట ఎవలకినబడ్తది? మీ దుకాణాలోళ్లంత దీక్ష టెంటు కాడున్నరు. నువ్వొక్కనివే లోపల కూసున్నవేంది?"

"మోకాళ్లు గుంజుతున్నయి."

"మొన్న గూడ గదే అన్నవట. వదినె చెప్పింది."

"మీ వదినెకేం పని లేదు."

"అన్నా, నీకు పరేషాన్ ఏముందో నాకు తెలుసు. ఎవలకన్న తెలుస్తదని. డాక్టరమ్మ అంత చెప్పింది. నీ రిపోర్ట్ నీదేనట. నువ్వు ఒప్పుకుంటెనె నా కేసుల చూస్తరట. వదినెకు చెప్పరు. నాకు చెప్పరు. నీకు తెల్వొద్దనుకుంటె నీకు గూడ చెప్పరట."

"చెప్పరు, చెప్పరు. ఒక్క నోట్లె పడితె చాలు. రేపు మా చందుగానికి పిల్లనెవలిస్తరు?"

"చందుకు తొమ్మిదేండ్లన్నా."

"పెరుగుతడు గద."

"నా కడుపులున్నది గూడ పెరుగుతుంది."

"గా గ్లాసిటియ్యి, ఇంక నీళ్లు పోస్త."

"కోపమొచ్చిందా?"

"లేదు. మీ ఆయన ఏమంటుండు?"

"ఏమంటడు, 'నువ్వెట్లంటె గట్ల' అంటడు నాతోని. రాత్రి నేను పన్ననుకొని లైటేసి నా కాళ్ల దిక్కు చూస్తుండు. నేను గూడ పన్నట్టే ఉంటున్న."

"ఏడ్చినవా?"

"మొదట్ల ఏడుపొచ్చేది. ఇప్పుడు రాదు. పన్ను పీకేటప్పుడు సూదేస్తరు సూడు, దవడ మనది కానట్టుంటది. గట్లున్నది లోపలంత."

"పరీక్షల ఉన్నదని తేలితె ఏం జేస్తవ్?"

"తెల్వదు. కడుపులదానికి గూడ చూడాలె. అటెన్క అనుకోవాలె. తెలిస్తెనె గద అనుకునేది."

"తెలిసి ఏం లాభం? మందు లేదు మాకు లేదు. తెల్వకుంటె కొన్నేండ్లన్న మంచిగుంటవ్."

"మందు లేదని నీకెవలు చెప్పిండ్రు?"

"ఎవలో అన్నరు."

"నేనే చెప్పిన్నేమొ. ఏం చెప్పిన్నో నాకే యాదికుంటలేదు. డాక్టరమ్మ గూడ ఇయ్యాల ఒక తీరుగుండె. 'మీ ఇంట్లో ఇంకెవరూ పరీక్ష చేయించుకోలేదా అమ్మా?' అని అడిగింది. లేదన్న. ఏందో ఫైల్ తీసి మల్ల మూసింది. 'మీ అన్నయ్యగారిని ఒకసారి అడిగి చూడండి. అడిగే హక్కు మీది, చెప్పే హక్కు ఆయనది' అన్నది. ఆళ్లది కృష్ణా జిల్లనట. మంచిగ మాట్లాడుతది."

"ఇంకేమన్నది?"

"గంతే. అందుకే సీద నీ కాడికొచ్చిన."

"ఇంకేమన్లే?"

"లేదన్నా. ఎన్నిసార్లడుగుతవ్? రేపు పొద్దుగాల మల్ల రమ్మన్నది. బస్సుల్లేకున్న షేర్ ఆటోలు దొరుకుతయి. నాతోని రా. ఒక్క సూది. చీమ కుట్టినట్టే ఉంటది."

"రేపొస్త."

"నిజంగనా? రక్తమిస్తవా?"

"రక్తం అవసరం లేదు."

"మల్ల గదే మాట. మరి ఒచ్చి ఏం జేస్తవన్నా?"

"ఆళ్ల కాడున్నది నీకు చూపియ్యమని చెప్త."

"ఆళ్ల కాడ ఏమున్నది?"

"నా రక్తం రిపోర్ట్. పోయినేడే తీసిండ్రు, గా దవాఖానలనే. నాయిన బీమారే నాకు గూడ. ఏ రకమో గూడ తేలింది. చెల్లెకు చెప్పమంటరా అని డాక్టరమ్మ అప్పుడే అడిగింది, అరుణా. ఒద్దన్నది నేనే."