వాడి మాట పూర్తయ్యేదాకా

కుట్టు మిషన్లు ఆగిన టీ వేళ, ఇద్దరు దర్జీ ఆడవాళ్ళు.

“ఈ మెసేజీల యాప్ వచ్చాక ప్రాణానికి సుఖం లేదక్కా. సెలవురోజు కూడా సూపర్‌వైజరు నెత్తినెక్కి కూర్చుంటాడు.”

“నిజమే. అయినా నేను దానికి దణ్ణం పెడతానే.”

“ఎందుకట?”

“మా తమ్ముడికి నత్తి కదా. వాడు నోరు తెరిస్తే చాలు, మిగతాది మేమే అందుకుని చెప్పేసేవాళ్ళం. ఆ యాప్‌లో మాత్రం టైప్ చేసి మొత్తం వాడే చెప్తాడు. ఎంత వెటకారమనుకున్నావ్! కడుపుబ్బ నవ్విస్తాడు. ఒకే ఇంట్లో పెరిగాం, వాడిలో ఇంత మాటకారి ఉన్నాడని తెలీనే తెలీదు.”

“అక్కా, నీ ఫోన్‌కి మెసేజీ వచ్చింది!”

“వాడే. మనసుపడ్డ పిల్లని ఇవాళ అడుగుతానన్నాడు. ‘అడిగేశానక్కా’ అని పెట్టాడు.”

“ఏమందట? ఒప్పుకుందా? ఫోన్ చేసి అడుగు!”

“‘టైపింగ్’ అని కనబడుతోంది. ఆగవే, వాణ్ణి పూర్తి చెయ్యనీ.”