కుళ్లాయప్ప బ్రేకులమ్మ

ఏమప్పా హర్షా, బండి కిందనుంచి లేచొచ్చినట్లుండావే, చేతులు చూడు ఎట్లుండాయో! కూచో, అరుగు మీదే కూచో. ఆ చేతుల్తో మంచం పట్టుకుంటే మీ అవ్వ ఇద్దర్నీ కలిపి తిడుతాది. ఏమంటాండావు? ముందర చక్రాలు పట్టేసినాయా? ఇంగేం తిరుగుతాయి లేబ్బా, ఆ వ్యాను కొట్టంలో నిలబడి ఎన్నేండ్లాయ! మీ నాయన స్టీరింగు ఇడిసినప్పుడు నిలబెట్టింది, దాంట్లో కోళ్లు గుడ్లు పెడ్తాండాయి. టమేటాలు తోలడానికి మళ్లా దావకెక్కిస్తానంటే నాకు సంతోషమే. ఆ, కాలిపర్లు, బ్రేకు తొక్కితే చక్రాన్ని అదిమిపట్టేవి. రబ్బర్లు మార్చి అవే బిగించల్లనా, కొత్తవి తేవల్లనా, అంతే కదా? ఇది నన్ను అడిగేది కాదప్పా, కుళ్లాయప్పను అడిగేది. వాడు యాడుండాడు ఇప్పుడు, పోయి శానా కాలమాయ.

కుళ్లాయప్ప అంటే నీకు తెలీదులే. ముదిగుబ్బ దాటినాక కదిరి దావలో రేకుల షెడ్డు ఏసుకోని ఉండ్య. మెకానిక్కే గానీ మడిసి ఉత్త తిక్కలోడు. నోరు తెరిస్తే బూతు, మూస్తే నశ్యం. ఎవురన్నా బండి తోలుకోని పోతే, "ఏమన్నా, ఇది బండేనా, గొర్రెల దొడ్డా?" అని మొదులుపెడ్తాండ్య. నిజమే, మన వ్యానులో గొర్రెలే తోలుతాంటిమి, ఆ కంపు ఎంత కడిగినా పోదు. మీ అవ్వ ఒగసారి సీకాయ ఏసి కడిగింది, ఇంగా ఎక్కువాయ. అది వేరే కత. ఏం చెప్తాంటి? ఆ, కుళ్లాయప్ప. అప్పుడు గూడా ఇదే వ్యాను, ఇదే తగువు. మీ నాయన ప్రతాపేమో అప్పుడు నీ ఈడోడు, "కొత్తవే ఏపిచ్చు నాయనా" అంటాడు. నేనేమో "ఉండేవి బాగుండాయి కదరా" అంటాను. వాడు మా ఇద్దరి మాటా ఇనల్య. కాలిపర్లకు గాలి కొట్టి లోపలి పిస్టన్లు బయటికి తీసినాడు, పాత పంచెతో తుడిసినాడు, వాటిమీద గోరు పెట్టి మెల్లగా గీసినాడు, మీ అవ్వ బియ్యంలో రాళ్లు ఏరుతాది సూడు, అంత నిమ్మళంగా. "గోరు జారితే రబ్బర్లు మార్చుకో, తగులుకుంటే పారేయ్, దీనికి పంచాయితీ ఎందుకన్నా" అన్న్య. రెండూ జారినాయి. రబ్బర్లతోనే సరిపాయ. ఒగటి జారి ఒగటి తగులుకుంటే ఏం చేస్తావురా అంటే, "ఒగపక్క కోడెను, ఒగపక్క ముసిలెద్దును కడితే కాడి యాటికి పోతాది? మారిస్తే రెండూ మార్చల్ల" అన్న్య.

నువ్వు గోరు పెట్టి చూసినావా? తగులుకునిందా? రెండూనా? తుప్పు తినేసి గుంతలు పడినాయా... అట్లయితే ఇంగేం ఆలోచన, రెండూ కొత్తవి తీసుకోనిరా. అయిపాయ. హమ్మయ్య, దీనికే రాత్రంతా నిద్ర మానుకున్నావా నువ్వు? ఉండు ఉండు, లేస్తావేం? అసలు మాట ఇంగా చెప్పల్య. తేవడం పెద్ద పని కాదు, బిగించడమూ పెద్ద పని కాదు. బిగించినాక కదిలిచ్చేదుండాది చూడు, అదే పెద్ద పని.

కుళ్లాయప్ప షెడ్డు ముందర నేల రవ్వంత దావ పక్కకు వాలి ఉండ్య. ఆడ ఒగ నల్ల గుండు, నీ మోకాలంత ఎత్తు, సగం నేల్లో పాతి ఉండాది. దానికి పసుపు, కుంకుమ, రెండు నిమ్మకాయలు, పైన ఏపమండ. మేము పోయిన పొద్దు శుక్కురారం. మా యమ్మ బయమ్మ గూడా వచ్చింది, ఆయమ్మ లేకుండా మా ఇంట్లో దూడను గూడా కట్టు మార్చేది లేదు. బ్రేకులు బాగుచేసిన బండి కొత్తబండితో సమానం, పూజ చేసే దావకెక్కించల్లని ఆయమ్మ పట్టు. గుండును చూసి, "బండికి ఎదురుగా ఈ రాయేందిరా, ముందు తీసేయండి" అన్న్య. కుళ్లాయప్ప లేచి చెంపలేసుకున్న్య. "అమ్మా, అంత మాట అనొద్దు, ఆయమ్మ బ్రేకులమ్మ! శానా ఉగ్రం. ఆయమ్మను కదిపినోళ్లింట్లో ఎనుములు పాలియ్యవు" అన్న్య. అంతే, మా యమ్మ సంచిలోనుంచి తెంకాయ తీసి ఆడనే కొట్టింది. వాడు సగం చిప్ప తీసుకోని నములుతా, "ప్రతాపూ, పిస్టన్లు లోపలికి నెట్టి బిగించినా, ఇప్పుడు నీకు బ్రేకు లేదు. పెడలు తొక్కి తొక్కి అది కాలికి గట్టిగా తగిలినాకే బండి కదిలించు, నేను టీ తాగొస్తా" అని చెప్పి పాయ. సరిగ్గానే చెప్పినాడు, నేను ఇన్న్యా, మీ నాయనా ఇన్న్య.

ఇని ఏం లాభం? ఆడ మా యమ్మ, "రాహుకాలం వస్తాండాది, బిరీన కానియ్యండిరా, అయ్యో రాహుకాలం" అని ఒగటే గొడవ. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టినాది. మీ అవ్వ వనజాక్షిని, "నువ్వు నిండు బిందె ఎత్తుకోని ఎదురు రావే" అని దావ పక్కకు పంపింది. ముత్తైదువ ఎదురొస్తే బండికి మంచిది కదా. మీ నాయన ఎక్కినాడు, నిమ్మకాయలు పగిలినాయి, బండి వాలుకు జారింది. ఎదురుగా మీ అవ్వ, నెత్తిన బిందె, నవ్వుకుంటా వస్తాండాది పాపం. మీ నాయన బ్రేకు తొక్కినాడు. పెడలు నేలకు పోయింది! మళ్లా తొక్కినాడు, మళ్లా నేలకే. "అమ్మా తప్పుకో!" అని వాడు అరిసిన అరుపు ఇప్పటికీ నాకు చెవుల్లో ఉండాది. ఆయమ్మకేమో బిందె మీదనే ధ్యాస, తప్పుకునేదెట్ల? హ్యాండుబ్రేకు గుర్తుకొచ్చేంత యాల యాడుండాది.  

ధడేల్మని గుండుకు తగులుకోని బండి నిలబడిపాయ. గుండుకు ఇవతల బంపరు, అవతల జానెడు దూరంలో మీ అవ్వ కొంగు. బిందె కిందపడి నీళ్లన్నీ గుండు మీద పడినాయి, అభిషేకం చేసినట్లు. మా యమ్మ ఆ బురదలోనే సాష్టాంగపడి "బ్రేకులమ్మ తల్లీ" అని ఏడుపు. మీ నాయన దిగలేక స్టీరింగు మీద తల పెట్టేసినాడు. కుళ్లాయప్ప టీ గ్లాసుతో పరిగెత్తుకోని వచ్చి, మీ నాయన్ను తిట్టిన తిట్లు నీకు చెప్పకూడదులే, తిట్టి తిట్టి ఆఖరికి వాడే గుండు మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్సినాడు. అంత మొండోడు! మీ అవ్వే, "ఊరుకో కుళ్లాయప్పా, నాకేం కాల్యా, కొంగు తడిసింది అంతే" అని వాన్ని ఓదార్సింది. నాకైతే పోయిన పానం మళ్లొచ్చినట్లాయ.

అందరూ పక్కకు పోయినాక నాకొగనికే చెప్పినాడు. "అన్నా, బ్రేకులమ్మా లేదు, గాడిదగుడ్డూ లేదు. మొదట్లో ఈడ బ్రేకు పడని బండ్లు ఆగల్లని ఉత్త రాయి పెడ్తాంటి. అడ్డం రాయి అపశకునమని వచ్చినోడల్లా దొర్లించి పారేస్తాండ్య. ఒగనాడు ఒగాయప్ప బండి వాలుకు పోయి దావ దాటి కాలవలో పడింది. అప్పుట్నుంచి పసుపు పూసినా. మీరు నా మాట ఇనరన్నా, పసుపు మాట ఇంటారు" అన్న్య. నిజమే కదప్పా.

వాడు పోయినాక షెడ్డు తీసేసినారు, దావ వెడల్పు చేసినారు. గుండును మిషన్తో పీకి పక్కన పారేస్తే మీ అవ్వ ఊరుకుండ్లా. మీ నాయన్తో ఈ వ్యానులోనే ఏపిచ్చుకోని వచ్చి మన వాకిట్లో పాతిచ్చింది. ఏంది అట్ల చూస్తావు? అదేనప్పా! పరీక్షకు పోయేటప్పుడు నువ్వు మొక్కుకోని పోతాంటివే, ఆ గుండే! నగొద్దు, నగొద్దు, మీ అవ్వకు ఇనపడ్తాది. ఆయమ్మకు ఇది చెప్పొద్దు సామీ, ఇన్నేండ్లు నేనే చెప్పల్యా.  ఆ గుండు దేవుడు కాదని నేనెట్ల అంటాను, మీ అవ్వ ఎదురుగా తిరుగుతాంటే?

రేపు నీ పెండ్లాము ఆశ్రిత కదా ఎదురొచ్చేది? బిగించినాక పెడలు గట్టిపడేవరకు తొక్కు. గట్టిపడినాక గూడా ఇంగో పది సార్లు తొక్కు. రాహుకాలం వస్తే రానీ, పోతాది. బండిని మాత్రం గుండుకు ఇవతలే నిలబెట్టు, ఆ పిల్లను అవతల నిలబెట్టు. అంతే నేను చెప్పేది, నువ్వు... ఆ? ఏందే వనజాక్షీ? ఏంలే, ఉత్తదే, బ్రేకుల సంగతి అడుగుతాండాడు. మజ్జిగ తెచ్చినావా? ఈడ పెట్టు. ఉప్పేసినావా?