ఆర్విల్ నేర్పిన ఒంటికాలి పట్టు

ఆర్విల్ స్పైవీ మాటలు కోటలు దాటుతాయి, కాలు మాత్రం ఓడెస్సా చేపల కొట్టు వసారా దాటదు. ముప్పై ఏళ్ళు స్కూలు బస్సు నడిపి మానేశాక బెల్లమీ ఊళ్ళో ఆయనకి మిగిలిన కొలువు ఇదే. మధ్యాహ్నం భోజనం వేళకి వస్తాడు, వాలుగ చేప వేపుడు ఒక పళ్ళెం తెప్పించుకుంటాడు, అది చల్లారిపోయేదాకా కోతలు కోస్తూ కూర్చుంటాడు.

ఆ రోజు ఓడెస్సాకి అవి వినే ఓపిక లేదు. ఆమె మేనల్లుడు కెండ్రెల్‌ని అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో ఉంచుతారో ఇంటికి పంపుతారో తేలే రోజది. తల్లి పోయిన పసివాణ్ణి తెచ్చి పెంచింది ఆమే. వేసవంతా తర్ఫీదు పొందిన తొంభై మందిలో నలభై మంది దాకా ఇవాళ మూటాముల్లె సర్దుకోవాలి. ఎటు తేలినా ఫోన్ చేస్తానన్నాడు. ఫోను ఏప్రాన్ జేబులో పెట్టుకుని, పిండిలో చేప ముక్కలు దొర్లిస్తోందన్నమాటే గానీ ఆమె ప్రాణమంతా ఆ జేబులోనే ఉంది.

కెండ్రెల్ వైడ్ రిసీవరు. దూరం నుంచి విసిరిన బంతిని పరిగెత్తి అందుకోవడం వాడి పని. గురువారం జరిగిన ఆఖరి సన్నాహక మ్యాచ్‌లో మైదానం మూలన గాల్లోకి ఎగిరి బంతి పట్టాడు. ఒక కాలు లోపల ఆనింది, రెండోది సరిహద్దు తెల్ల గీత మీద పడింది. స్కూల్లో, కాలేజీలో ఒక్క కాలు లోపలుంటే చాలు. జీతాలిచ్చి ఆడించే పెద్ద జట్లలో రెండు కాళ్ళూ లోపల ఆనాలి. ఆ పట్టు చెల్లలేదు, జట్టు ఓడింది. ఊరంతా ఉసూరుమంది. ఆర్విల్ మాత్రం సగం ఆటకే కుర్చీలో గురకపెట్టి, మర్నాడు మెంఫిస్‌లో కూతురింటికి పోయి, ఇవాళే దిగాడు. జరిగింది ఆయనకి ఎవరూ చెప్పలేదు. చెప్పడానికి ఆయన సందిస్తేగా.

"ఏం బాబాయ్, కుర్రాడు నిలబడతాడంటావా?" అని కదిలించాడు ట్రాక్టర్లు బాగుచేసే డ్యూయీ.

"నిలబడతాడా అని నన్నడుగుతావేంట్రా? టీవీలో టై కట్టుకున్నవాళ్ళు ఇప్పుడు తలలు బద్దలుకొట్టుకుంటున్నారు గానీ, వాడికి పదకొండేళ్ళప్పుడే తేల్చి చెప్పాన్నేను. బస్సులో వెనక సీటు నుంచి ఎవడో ఆపిల్ విసిరాడు. వీడు కిటికీలోంచి బయటికి చూస్తూనే చెయ్యి చాపి పట్టుకున్నాడు. అద్దంలో చూశాను. అప్పుడే అనుకున్నా, ఈ చేతులు ఊళ్ళో ఉండే చేతులు కావని."

ఇంతవరకూ నిజమే అయ్యుండొచ్చు. లోపల ఓడెస్సా కూడా ఒక్క క్షణం చెయ్యి ఆపి వింది.

"తర్వాత ఆటగాళ్ళని ఏరుకునేవాడు ఒకడొచ్చాడు, మెడలో స్టాప్‌వాచీ వేలాడేసుకుని. 'అది జేబులో పెట్టుకో నాయనా, పరుగు చూడాలంటే నా బస్సెక్కు' అన్నా. ఎక్కించుకుని మిల్లు రోడ్డు మీద వదిలా. కెండ్రెల్ పక్కన పరిగెత్తుతున్నాడు. నేను తొక్కేకొద్దీ వాడూ తొక్కుతున్నాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వాడు బస్సుని దాటిపోయి, నా ఇంటికెళ్ళి, మా కుక్కకి అన్నం పెట్టి, ఎదురొచ్చి 'తాతా, ఇంత ఆలస్యమేంటి' అన్నాడు!"

"మీ కుక్క పోయి పన్నెండేళ్ళు కాలేదూ?" అన్నాడు పక్కన ఐస్ టీ తాగుతున్న ముసలి హోలిస్.

"అది వేరే కుక్క. మధ్యలో అడ్డురాకు. పరుగుంటే చాలా, చేతులు మెత్తగా ఉండొద్దూ? నీళ్ళ ట్యాంకు పైకెక్కి కోడిగుడ్లు విసిరాను. బుట్టెడు గుడ్లు. ఒక్కటి చిట్లితే ఒట్టు. పైగా ఆ అరచేతుల వెచ్చదనానికి ఒక గుడ్డులోంచి పిల్ల బయటికొచ్చింది."

"అయ్యో, దాన్ని పెంచుకున్నావా బాబాయ్?"

"మొన్నటిదాకా గుడ్లు పెట్టింది. సరే, ఇక దూరం. మిసిసిపీ ఒడ్డున నిలబడి బంతి అవతలి ఆర్కన్సాకి విసిరా. బంతి నది మీదుండగానే వాడు వంతెన మీదుగా పరిగెత్తి, అవతలి గట్టున సోడా కొనుక్కుని, తాగి, సీసా తిరిగిచ్చేసి, అప్పుడు తీరిగ్గా చెయ్యి చాపాడు. ఆ వారమే జట్టు యజమాని హెలికాప్టర్‌లో మా పెరట్లో దిగాడు. 'ఆర్విల్ గారూ, మీరు ఊ అంటేనే తీసుకుంటాం' అన్నాడు. ఊ అన్నాను. పాపం, అంత దూరం వచ్చాడు కదా."

డ్యూయీ హోలిస్ వైపు ఓ చూపు విసిరాడు. వాడి కళ్ళల్లో పోకిరీతనం ఓడెస్సాకి కిటికీలోంచి కూడా కనిపించింది.

"అదంతా సరే బాబాయ్. గురువారం మూలన పట్టాడే ఆ బంతి, ఒంటికాలి మీద. అది కూడా నువ్వు నేర్పిందేనా?"

ఆర్విల్ ఛాతీ పొంగింది. "మరెవరు నేర్పుతారనుకున్నావ్? అదే నా అసలు విద్య! బురద మడుగులో మూడు వారాలు ఒంటికాలి మీద నిలబెట్టాన్రా. తిండీ అలాగే, నిద్రా అలాగే. ఎడమకాలు దించాడంటే బెత్తంతో ఒక్కటిచ్చేవాణ్ణి. ఆ మడుగులో కొంగలు మూడు రోజులు చూసి, సిగ్గుతో లూసియానాకి వలసపోయాయి. ఇప్పటికీ తిరిగి రాలేదు, కావాలంటే వెళ్ళి చూడు!"

వసారాలో ఎవరూ నవ్వలేదు. హోలిస్ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. తన విద్యకి అందరూ నోరెళ్ళబెట్టారనుకుని ఆర్విల్ ఇంకో రెండు కొంగల్ని కలిపేలోపు ఓడెస్సా జేబులో ఫోన్ మోగింది.

ఆమె పిండి చేతులతోనే తీసింది. ఊ అంది. సరే అంది. వసారా వైపు చూస్తూ, గొంతు తగ్గించి వాడికేదో చెప్పింది. పొయ్యి ఆర్పేసి, ఫోను చేత్తో పట్టుకుని వసారాలోకి వచ్చింది.

"ఆర్విల్ అన్నయ్యా, ఆ ఒంటికాలు నిజంగా నువ్వు నేర్పిందేనా?"

"బైబిల్ తీసుకురా, చెయ్యేసి చెప్తా."

"మావాణ్ణి తీసేశారు."

డ్యూయీ ముఖంలో పోకిరీతనం పోయింది. సరదాకి వేసిన గాలానికి ఇది తగులుతుందని వాడనుకోలేదు.

"నీ చేతులకి వంక లేదు, పరుగుకి వంక లేదు, ఆ ఎడమకాలే కొంప ముంచిందన్నాడట కోచ్. రెండు కాళ్ళూ లోపల ఆనించాలన్న ఆలోచన ఇన్నేళ్ళలో నీ బుర్రలో ఎవరూ వెయ్యలేదా, ఈ ఒంటికాలు నేర్పిన మహానుభావుడెవడయ్యా అని అడిగాడట." ఓడెస్సా ఇంకో అడుగు ముందుకేసింది. "నేనింకా ఫోన్ పెట్టలేదు. వాడు లైన్లోనే ఉన్నాడు. నువ్వే చెప్పు."

ఫోను ఆయన ముందు పెట్టింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆర్విల్ పళ్ళెం వైపు చూశాడు, వీధి వైపు చూశాడు, ఎటూ దారి లేక ఫోను అందుకున్నాడు.

"తాతా, బాగున్నావా?" అంది కెండ్రెల్ గొంతు. ఏడ్చి ముఖం కడుక్కుని వచ్చినవాడి గొంతది. "ఇంకో జట్టేదీ నన్ను తీసుకోకపోతే, రేపొచ్చి ఇక్కడే సాధన బృందంలో చేరమన్నారు. మ్యాచ్‌లు లేవు, ఉత్త సాధనే. కాళ్ళు సరిచేసుకుంటే మళ్ళీ చూస్తారట. అత్త చెప్పింది, నాకన్నీ నువ్వే నేర్పానంటున్నావట కదా. మరి ఆ రెండో కాలు ఎలా ఆనించాలో కూడా చెప్పు తాతా."

ఆర్విల్ నోరు తెరిచాడు. అలవాటు కొద్దీ ఏదో నాలుక చివరిదాకా వచ్చింది. ఎదురుగా ఓడెస్సా చేతులకి అంటుకున్న పిండి కూడా తుడుచుకోకుండా నిలబడి ఉంది.

"నాకేం తెలుసు నాయనా," అన్నాడు. "నేను బస్సు నడిపానంతే."