మచ్చ ఏ బుగ్గ మీద

ఇంకా తెల్లగానా అక్కా? ఇంతకన్నా తెల్లగా చేస్తే మొహం ఉండదు, కాగితం ఒక్కటే మిగుల్తుంది.

కూర్చోండి ముందు. ఆ స్టూలు మీద వద్దు, దాని ఒక కాలు ఎప్పుడూ అలిగి ఉంటుంది. ఇదిగో, ఫోటోలకి కూర్చోబెట్టే కుర్చీ ఉందిగా, ఇందులో. లైట్లు వెయ్యనులెండి. ఓనరుగారు బయట షూటింగుకి వెళ్లారు, సాయంత్రానికి గానీ రారు. అందుకే ధైర్యంగా ఉన్నాను. అంటే, నా లెక్కలో ధైర్యం.

ఆ చుట్ట పాత పోస్టరేగా? మీ పార్లర్ ఫ్రేములోంచి తీసేశారన్నమాట. కొత్త పిల్ల ఫోటో పెన్‌డ్రైవులో ఉందా... సరే, పెట్టండక్కడ. చెయ్యనని కాదు. ముందు ఒక సంగతి వినాలి మీరు. నేను రోజుకి నాలుగు మాటలు మాట్లాడేవాణ్ణి, అందులో రెండు "గడ్డం ఎత్తండి". ఇవాళ మాత్రం వారానికి సరిపడా మాట్లాడేస్తాను. మధ్యలో ఆపకండి, ఆపితే మళ్లీ మొదలెట్టలేను.

పోస్టరు మీద మచ్చ పెట్టింది టైలరుగారమ్మాయి కాదక్కా.

తను చెప్పమంటే చెప్పడం లేదు. తను నన్ను ఏమీ అడగలేదు. వరసగా చెప్పనివ్వండి, అన్నీ వస్తాయి.

నా పనేంటి? పొద్దస్తమానం మచ్చలు చెరపడం. పక్కనున్న మంచి చర్మం మౌసుతో కొంచెం తీసి మచ్చ మీద అద్దడం. ఏడో క్లాసులో బడి మానేసి నేర్చుకున్న విద్య ఇది. రోజుకి ముప్పై నలభై మొహాలు, అన్నీ ఒకే అచ్చులో పోసినట్టు తయారవుతాయి. నా మొహాన్నీ వదల్లేదు. డ్రైవింగ్ లైసెన్సుకని నా ఫోటో నేనే దిద్దుకుని పట్టుకెళ్తే, కిటికీ అవతల గుమస్తా దాన్ని చూశాడు, నన్ను చూశాడు. "ఈ అబ్బాయినే రమ్మను బాబూ, వాళ్ల అన్నయ్య వస్తే కుదరదు" అన్నాడు. ఇప్పటికీ సైకిలే తొక్కుతున్నా.

మీరేమో, ఊళ్లో ప్రతి పార్లర్‌కీ నెట్‌లో దొరికిన అదే పిల్ల మొహం ఉంది, మనకి మన పిల్లే కావాలని మీ దగ్గర పనిచేసే టైలరుగారమ్మాయిని తీసుకొచ్చారు. మంచి ఆలోచనే. తర్వాత, రంగు పెంచు, ముక్కు సన్నం చెయ్యి, మచ్చ తీసెయ్ అన్నారు. అన్నారుగా? మీ తప్పని కాదక్కా. తీసింది నేనేగా.

ఆ రోజు తను ఇదే కుర్చీలో కూర్చుని, బుగ్గ మీది పుట్టుమచ్చ మీద వేలు పెట్టి, "దీన్ని కూడా తీసేస్తారా?" అని అడిగింది. నేను కిందకి వంగి లైటు వైరు చుట్టుకుంటున్నా. తల ఎత్తలేదు. తనేదో సిగ్గుపడుతోందనుకుని, "జాడ కూడా తెలీకుండా తీసేస్తానండి" అన్నాను. ఓదారుస్తున్నానట. ఎంత తెలివి చూడండి నాది.

పోస్టరు పెట్టిన రోజు టైలరుగారు వచ్చారు. మెడలో టేపుతోనే, మిషను మీంచి లేచి. మీ షట్టరు పక్కన ఆ ఫ్రేము ముందు చాలాసేపు నిలబడ్డారు. ఇటు తిరిగి నన్ను చూసి, "బాగుంది. ఎవరి పిల్లో. మా అమ్మాయిది ఎప్పుడు పెడతారు బాబూ?" అన్నారు.

నేనేమన్నానో తెలుసా? "రేపండి."

అందుకే మర్నాడు పెట్టాను.

అవునక్కా. నేనే. ఎనిమిదింటికి మా షాపు తీస్తానుగా, అప్పటికి వీధిలో ఊడ్చేవాళ్లు తప్ప ఎవరూ ఉండరు. నల్ల మార్కరు పట్టుకెళ్లి ఫ్రేము అద్దం మీద చిన్న చుక్క. మీరొచ్చి నెయిల్ పాలిష్ తుడిచే మందుతో తుడిచేవారు. నేను మర్నాడు మళ్లీ పెట్టేవాణ్ణి. అయిదు రోజులు. వీధి చివర కొత్త పార్లరావిడ కుళ్లుకుని చేయిస్తోందని మీరు గట్టిగా అరుస్తుంటే, ఇక్కడ ఈ టేబులు కింద మార్కరు పట్టుకుని నేను. మూత కూడా పెట్టలేదు. ప్యాంటు పాడైంది.

మొదటిసారి మచ్చ పెట్టిన రోజే టైలరుగారు మళ్లీ వచ్చారు. ఈసారి ఇంకా ఎక్కువసేపు చూశారు. "పోలికలున్నాయి. మా చుట్టాలమ్మాయేమో" అని వెళ్లిపోయారు.

నాకప్పుడు అర్థం కాలేదు, ఎందుకు పోల్చుకోలేకపోయారని. అర్థం చేసుకుంది మా చెల్లి.

మా చెల్లి తెలుసుగా, ఎనిమిదో క్లాసు, నోరు ఊరు దాటి ఉంటుంది. ఆదివారాలు టీవీలో ఒక కార్టూను చూస్తుంది. ముగ్గురు బడి పిల్లలు, ఒక పిరికి మేక, దొంగల్ని పట్టుకుంటుంటారు. మొన్న ఆదివారం కథలో ఊరంతా ఏదో క్రీము రాసుకుని అందరి మొహాలూ ఒక్కలాగే అయిపోయాయి. బడి వదిలాక ఏ తల్లికీ తన పిల్ల ఏదో తెలీదు. ఒకావిడ మేకని ఇంటికి తీసుకెళ్లిపోయింది. నేను పడీపడీ నవ్వాను. మా చెల్లి నవ్వలేదు. "అన్నయ్యా, ఈ కథలో క్రీము నువ్వే" అంది.

అక్కడితో ఆగిందా? పోస్టరు కేసు తనే తేలుస్తానని నోటుపుస్తకం తీసింది. "మచ్చ టైలరుగారమ్మాయికి ఎడమ బుగ్గ మీదుంది. దొంగ కుడి బుగ్గ మీద పెడుతున్నాడు. తనే పెట్టుకుంటే తన బుగ్గేదో తనకి తెలీదా? కొత్త పార్లరావిడకి అసలు మచ్చ సంగతే తెలీదు. ఇక మిగిలింది, తనని రోజూ చూస్తూ, ఎప్పుడూ అద్దంలోనే చూసేవాడు. ఆ పార్లర్ అద్దం వీధిలో ఏ కుర్చీలోంచి కనిపిస్తుంది?" అంది.

ఈ కుర్చీలోంచేనక్కా. ఇటు రండి, వంగి చూడండి. మీ తలుపు తెరిచుంటే పెద్దద్దం పూర్తిగా కనిపిస్తుంది. తను వీధికి వీపు పెట్టి కనుబొమలు తీస్తుంటుంది, మొహం అద్దంలో. ఏడాదిన్నరగా అలాగే చూస్తున్నాను. తప్పుగా కాదు. ఎదురుపడితే చెప్పుల వంక చూసేవాణ్ణి, నాకు తన చెప్పులు బాగా తెలుసు. ఫోటోలో మచ్చ చెరిపింది ఈ చెయ్యే, కానీ ఏ వైపు చెరిపానో గుర్తుంటేనా. నలభై మొహాల్లో అదొకటి. తెలిసిందల్లా అద్దంలో తిరగబడ్డ మొహం. కుడి ఎడమలు తెలియడానికి నా ఏడో క్లాసు సరిపోలేదు.

చెల్లికి దొరికిపోయానన్న భయంతో సోమవారం మచ్చ పెట్టలేదు. చూడండి నా టైము. సరిగ్గా అదే రోజు తను సెలవు పెట్టింది, వాళ్ల నాన్న మిషను బాగుచేయించడానికి. ఇంకేముంది, తను రాని రోజే మచ్చ లేదు కాబట్టి పెట్టేది తనేనని మీరు తేల్చేశారు. న్యాయంగానే తేల్చారు. నేను మీ స్థానంలో ఉన్నా అదే అనుకునేవాణ్ణి.

నిన్న పొద్దున మీరు తనని పనిలోంచి తీసేస్తున్నప్పుడు నేను ఇక్కడే ఉన్నాను. అద్దంలో అంతా కనిపించింది. మీరు తాళంచెవి అడిగారు, తను బ్యాగులో వెతికి ఇచ్చింది. లేద్దామనుకున్నాను. నిజంగా. కాళ్లు సగం లేచాయి కూడా. ఇంతలో ఎవరో పాస్‌పోర్టు ఫోటోలకి వస్తే, దేవుడే పంపాడనుకుని "గడ్డం ఎత్తండి" అన్నాను.

తనకి తెలుసక్కా, నేనేనని. మా చెల్లి కడుపులో మాట నిలుస్తుందా, ఆదివారం సాయంత్రమే వెళ్లి నోటుపుస్తకం చూపించి వచ్చింది. అన్నీ తెలిసీ మీ ముందు నా సంగతి ఎత్తలేదు. మీరన్నవన్నీ పడింది.

అందుకని, నా సంగతి ఓనరుగారికి చెప్పుకోండి. తీసేస్తే తీసేస్తారు, ఊళ్లో నాకేం తెల్ల మొహాలు తక్కువా. తనని మాత్రం ఇవాళే పిలవండి. టైలరుగారి మిషను ఇంకా బాగవలేదు, ఇంటికి ఇప్పుడు తన జీతమొక్కటే ఆధారం. మీ కొత్త పోస్టరు చేసిస్తాను. పాతది ఉంచుతానంటే అదీ మళ్లీ చేసిస్తాను, చెరపకుండా.

ఏంటక్కా? నాతో ఏమీ అనలేదా అంటారా?

అంది. మీ దగ్గర్నుంచి దిగి, వీధి దాటి, మొదటిసారి తనంతట తను మా షాపులోకి వచ్చింది. ఇదిగో, మీరు కూర్చున్న కుర్చీ పక్కనే నిలబడింది. నేను కీబోర్డు మీది అక్షరాలు లెక్కపెడుతున్నాను. అన్నీ లెక్కపెట్టినా తల ఎత్తలేదు. తను వెళ్లేముందు ఒక్క మాట అంది. ఉన్నదున్నట్టు చెబుతాను, ఏమీ దిద్దకుండా.

"మచ్చ ఎడమ బుగ్గ మీదండీ. ఇప్పుడు అద్దం లేదుగా, చూడండి."